తోమిన రూపాయి, తోమని రూపాయి

పాత వెండి రూపాయి దొరకుట నేడు కష్టము కాదు. చెడని పాత వెండి రూపాయి దొరకుటయే కష్టము. ఈ రెంటికి గల భేదమును మన కుటుంబములు చాలవఱకు ఎఱుగవు. ఎఱుగకపోవుట యొక యెత్తు. పెద్దలు దాచి యిచ్చిన నాణెములను పండుగకొక తూరి తమ చేతులతోనే చెఱచుట మఱియొక యెత్తు. ఈ అపచారమును గూర్చి మన సంఘపు సంచికలో ఒకరైనను గట్టిగా వ్రాయుదురని చాలకాలము వేచియుంటిమి. ఎవరును వ్రాయకుండుటచే మేమే పూనుకొంటిమి.

మేము పండితులము కాము. ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు ముగించి, ఎన్నూరు కార్ఖానాలలో నొకదానియందు ముప్పదేండ్లకు పైగా గుమాస్తాగా లెక్కలు వ్రాసి, విశ్రాంతి గైకొన్నవారము. అంకెకు అంకె సరిచూచు అలవాటొక్కటే మాకు గల యర్హత. ఆ యలవాటుతోనే ఈ విషయమును పాఠకుల యెదుట పెట్టుచున్నాము.

ముందుగా రూపాయి యనగా నేమో చెప్పుదుము. 1835 నాటి నాణెముల చట్టమువలన ఈస్టిండియా కంపెనీ యేలుబడిలోని ప్రాంతములకెల్ల ఒకే తీరు రూపాయి వచ్చినది. అంతకుముందు మన చెన్నపట్టణమున ఆర్కాటు రూపాయలు, వరహాలు, ఫణములు చెలామణి యయ్యెడివి. క్రొత్త రూపాయి తూకము 180 గ్రెయినులు, అనగా సరిగా ఒక తులము. నేటి లెక్కలో 11.66 గ్రాములు. పండ్రెండు పాళ్ళలో పదునొకండు పాళ్ళు వెండి. నాలుగవ విలియము, విక్టోరియా, ఏడవ ఎడ్వర్డు, అయిదవ జార్జి అని తలలు మాఱినవి గాని, నూఱేండ్లకు పైగా ఆ తూకమును, ఆ మేలిమియు మాఱలేదు. 1940లో ఆఱవ జార్జి రూపాయిలో వెండి సగపాలునకు దిగినది. 1947లో వచ్చిన రూపాయి నికెలుది.

మేలిమి వెండి రూపాయలను 1940 తరువాతి మూడు నాలుగేండ్లలో ప్రభుత్వము వరుసగా చెలామణినుండి తొలగించినది. ఖజానాకు తిరిగి చేరినవి చాలవఱకు కొలిమికి పోయినవి. కావున నేడు మిగిలియున్న రూపాయలు సర్కారు దయవలన మిగిలినవి కావు. మన అవ్వలు ముంతలలోను, దూలముల సందులలోను, ధాన్యపు గాదెలలోను దాచుటవలన మిగిలినవి. అంత జాగ్రత్తతో వారు కాపాడినదానిని మనము ఏమి చేయుచున్నామనునదే మా ప్రశ్న.

మన పిల్లలు పలువురు అమెరికాలో నుద్యోగములు చేయుచున్నారు. ఆ దేశమున పాత వెండి డాలరులను సేకరించుట పెద్ద వేడుక. ఆ సేకరణకారులు నాణెముమీది సంవత్సరమును ఎంత శ్రద్ధగా చూతురో, దానిని ఎవరైన తోమినారా లేదా యనునదియు అంత శ్రద్ధగా చూతురు. నాణెములను పరీక్షించి శ్రేణి నిర్ణయించు సంస్థలు అచ్చట కలవు. తోమిన డాలరునకు, చిల్లుపడిన డాలరునకు ఆ సంస్థలు మామూలు శ్రేణి నీయవు; దోషమును పట్టీమీద వ్రాసి వేఱుచేయును. ఆ దేశపువారు నూఱు, నూటయేబది యేండ్ల డాలరునకు చూపు మర్యాదను మనము అంతే వయసుగల రూపాయికి చూపకున్నాము.

మఱియు ఆ డాలరునకును మన రూపాయికిని చుట్టరికము కలదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున మన దేశమునందు వెండికి కఱవు వచ్చినది. జనులు కాగితపు నోటును నమ్మక వెండి రూపాయి నడుగజొచ్చిరి. సర్కారు 1917 నవంబరులో ఒక రూపాయి నోటును, 1918 జనవరిలో రెండున్నర రూపాయల నోటును వెలువరించినను కొఱత తీరలేదు. అపుడు, 1918 ఏప్రిలులో, అమెరికా శాసనసభ పిట్‌మన్ చట్టమును చేసినది. దాని క్రింద సుమారు 27 కోట్ల వెండి డాలరులను కరగించిరి. అందు దాదాపు 26 కోట్ల డాలరుల వెండి భారతదేశపు అవసరమునకై బ్రిటిషువారికి అమ్మబడినది. ఆ వెండి ఓడలమీద వచ్చి మన టంకసాలలలో అయిదవ జార్జి రూపాయి యైనది. అనగా మన యింటి ముంతలోని 1918, 1919 నాటి రూపాయిలో అమెరికా డాలరు కరగి యుండవచ్చును.

ఈ సంగతి తెలిసినది మొదలు, ఏ దోషమును లేని 1918 నాటి రూపాయి నొకదానిని సంపాదింపవలెనని మాకు కోరిక కలిగెను. అది అరుదైన సంవత్సరము కాదు. ఆ యేట రూపాయలు కోట్లకొలదిగా ముద్రింపబడినవి. అయినను అట్టి నాణెమునకై రెండేండ్లు తిరిగితిమి. టంకసాల వీధి చుట్టుప్రక్కల అంగళ్ళు చూచితిమి. నగరములో జరుగు నాణెముల ప్రదర్శనలకు పోతిమి. ఎన్నూరు, కత్తివాకము, తిరువొత్తియూరులలో ఎఱిగినవారి యిండ్ల పెట్టెలు తెఱపించితిమి. రూపాయలు గంపెడు కనబడినవి. ఒకదానికి నెత్తిన చిల్లు. ఒకదానికి చిల్లు పూడ్చిన మచ్చ. ఒకదాని యంచున కొక్కెము అతికి, పిదప ఊడబెఱికిన గుర్తు. ఒకదానిమీద షరాబు పరీక్షకై కొట్టిన గంటు. కడమవన్నియు తోమినవి. చూచుటకు తళతళలాడుచుండును. అంగడివాడు "నిన్ననే టంకసాలనుండి వచ్చినట్టుంది చూడండి" అనును. వెలుతురున వాల్చి చూచితిమేని దానినిండ సన్నని గీతలు.

తోమని నాణెము కాంతి వేఱు. అచ్చు దెబ్బకు వెండి నడుమనుండి అంచువైపునకు ఒరసికొని పోవుటచే, విడిగా కంటికి కనబడని సన్నని చాళ్ళు ఏర్పడును. అట్టి నాణెమును వెలుతురున మెల్లగా త్రిప్పినచో వెలుగు బండిచక్రపు ఆకులవలె తిరుగును. ఆ చాళ్ళు ఒకసారి పోయినచో మఱల రావు. ఏ కంసాలియు, ఏ మందును వానిని తిరిగి తేజాలదు. ఇంకొక మాట. వాడుకవలన అరగుట దోషము కాదు. అది నాణెము చేసిన నౌకరి. సంతలలో చేతులు మాఱి కిరీటపు చెక్కడము కొంత అణగినను, ఎవరును తోమక, కోయక, అతుకక విడిచిన రూపాయి మంచి రూపాయియే.

ఇక మన యిండ్లలో జరుగునదేమి? వరలక్ష్మీవ్రతము వచ్చును, దీపావళి లక్ష్మీపూజ వచ్చును. పెట్టెలోని రూపాయలు బయటికి వచ్చును. నల్లబడియున్నవని చింతపండు, బూడిద, నిమ్మచెక్క, కుంకుడురసము, పండ్లపొడి, ఏది చేతికందిన దానితో చెంబును తోమినట్లు తోముదురు. ఇపుడు సీసాలలో అమ్ము ద్రావకమున ముంచుటయు నేర్చిరి. ఆ నలుపు మురికి కాదు. గాలిలోని గంధకపు ఆవిరి వెండితో కలియుటచే ఏర్పడిన పొర యది. ఎన్నూరు గాలి యెట్టిదో మన పాఠకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఒకప్రక్క సముద్రము, ఒకప్రక్క కొసస్థలై యేటి ఉప్పునీరు, నడుమ కార్ఖానాలు. 1970 నుండి 2017 వఱకు ఎన్నూరు థర్మల్ విద్యుత్కేంద్రపు బొగ్గుపొగయు మన యిండ్లమీదనే పోయినది. ఇట్టిచోట వెండి త్వరగా నల్లబడుట సహజము. తోమినపుడు పోవునది నలుపొక్కటే యని తలంపవలదు. గంధకముతో కలిసిన వెండియు దానితోకూడ పోవును, క్రింది చాళ్ళును పోవును. కొన్ని నెలలకు నాణెము మఱల నల్లబడును, మఱల తోముదురు. ఇట్లు నలువదియేండ్లు గడచినచో రాజుగారికి ముక్కు మిగులదు.

రెండవ అపచారము అతుకు. టంకసాలలో పుట్టిన రూపాయికి టంకమే మృత్యువైనది. బిడ్డ మొలత్రాటికని, తాళపుచెవుల గుత్తికని, గోడమీది పటమునకని రూపాయికి కొక్కెము అతికింతురు. చెలామణిలోనున్న రూపాయితో కాసులదండ చేయించుకొన్న మన ముత్తవ్వను మేము తప్పుపట్టము. ఆమెకు మఱునాడు సంతలో మఱియొక రూపాయి దొరకెడిది. మనకు దొరకదు. ఆమె కాలమున చెల్లిన పని మన కాలమున చెల్లదు.

మూడవది, అన్నిటికంటె ఘోరమైనది, కరగించుట. కిలో వెండి లక్ష రూపాయలు దాటినది మొదలు ఈ రోగము ముదిరినది. మేమెఱిగిన యొక కుటుంబమువారు కూతురి పెండ్లికి పట్టీలు, కుంకుమ భరిణె చేయించుటకని ముంతెడు నాణెములను ఒక వెండి యంగడికి పట్టుకొనిపోయిరి. అంగడి పేరు మాకవసరము లేదు. అచ్చటివారు ప్రతి రూపాయిని ఆకురాతితో గీచి, ఆమ్లపు చుక్క వేసి, తరుగు తీసి, తూకమునకు కట్టిరి. ఆ ముంతలో ఏమేమి యుండెనో మేము ముందు చూచియుంటిమి. విక్టోరియా, జార్జి రూపాయల నడుమ బర్మారాజు మిండోనునాటి నెమలి ముద్ర నాణెమొకటి; బ్రిటానియా నిలిచియున్న బ్రిటిషు వర్తకపు డాలరు ఒకటి. ఆ డాలరులు తూర్పుదేశముల వ్యాపారమునకై 1895 మొదలు మన బొంబాయి టంకసాలలోనే ముద్రింపబడెడివి.

పాఠకులు ఒక్క క్షణము ఆలోచింతురు గాక. ఎన్నూరు తెలుగు కుటుంబపు ముంతలోనికి నెమలి నాణెము ఎట్లు వచ్చెను? తూర్పుదేశపు డాలరు ఎట్లు వచ్చెను? మనవారు కోరంగి మొదలగు రేవులనుండి రంగూనునకు కూలికి పోయిరి. మలయాకు రబ్బరు తోటలకు పోయిరి. తిరిగివచ్చినపుడు కొంగున కట్టుకొని తెచ్చినవి ఆ నాణెములు. మన కులపెద్దలెవరును చరిత్రలు వ్రాసిపెట్టలేదు. దస్తావేజులు చెదలు తినెను. ఏ యూరినుండి యెటు పోయి యిచ్చటికి వచ్చితిమో చెప్పుటకు పలువురికి ఆ ముంత తప్ప సాక్ష్యము లేదు. దానిని పట్టీలుగా మార్చితిమి. ఆ పిల్ల కాలికి పట్టీలు వేఱు వెండితో చేయించి యుండవచ్చును. ఆ సాక్ష్యమును వేఱు వెండితో చేయింపలేము.

ఈ మాటలకు ఎదురు చెప్పువారు కలరు. వారికిని సమాధానము చెప్పుదుము.

"నల్లబడిన వెండిని దేవుని యెదుట పెట్టవచ్చునా?" అని కొందఱు గృహిణులు అడుగుదురు. పూజకు వెండి గిన్నెను, దీపపు కుందిని ఎంతైన తోముడు. అవి తోముటకు చేసినవే. లక్ష్మీపూజకు క్రొత్త వెండి బిళ్ళలు దొరకును. పాత రూపాయి నుంచవలెనను పట్టుదల యున్నచో దానిని చిన్న గాజుమూత పెట్టెలో నుంచి పూజింపుడు. పసుపు కుంకుమలు మూతమీద పెట్టుడు. భక్తికి లోపము రాదు.

"తెల్లదొర తల గల నాణెమునకు ఇంత గౌరవమెందుకు? అది మన దాస్యమునకు గుర్తు కాదా?" అని యువకులు కొందఱు అడుగుదురు. మేమును స్వతంత్ర దేశమున పుట్టినవారమే. మేము కాపాడుమనునది దొరగారి తలను కాదు. ఆ రూపాయి ఒకనాడు మనవాని కూలి. ఎండలో మూటలు మోసి, తోటలలో జలగలకు నెత్తురిచ్చి సంపాదించినది. దాస్యమునకు సాక్ష్యమే యైనచో సాక్ష్యమును కరగించుటవలన మేలు ఎవరికి?

"కష్టకాలమున అమ్ముకొనవలదా?" అని బీదవారు అడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్న. అమ్ముకొనుడు, కాని తెలిసి అమ్ముకొనుడు. తూకమునకు కొనువానియొద్దకు పోవుటకు ముందు నాణెమునకు వెలకట్టువానిని ఇద్దఱు ముగ్గురిని అడుగుడు. ప్రతి పాత రూపాయియు లక్షలు చేయునను భ్రమయు వలదు. సామాన్యమైన సంవత్సరముల రూపాయికి వెండి ధరపైన కొంచెమే వచ్చును. ఆ కొంచెమైనను తోమని నాణెమునకే వచ్చును.

లక్షల యాస చూపి మోసగించువారిని గూర్చియు ఇచ్చట చెప్పవలెను. సీతారాముల బొమ్మయు, ఈస్టిండియా కంపెనీ పేరును, 1818 సంవత్సరమును గల బిళ్ళలను మహిమగల నాణెములని, బియ్యమును ఆకర్షించునని చెప్పి, మన తెలుగువారియొద్దను, అరవసోదరులయొద్దను లక్షలు గుంజినవారు కలరు. కంపెనీ అట్టి నాణెమును ఏనాడును చెలామణికి ముద్రింపలేదు. ఆఱవ జార్జి 1939 నాటి రూపాయి నిజముగా అరుదైనది. అందుచేతనే దాని నకిలీలు మెండు. పాత నోట్లు, నాణెములు కొందుమని రిజర్వు బ్యాంకు పేరు వాడుకొని రుసుము లడుగువారిని నమ్మవలదని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించినది. ఈ మోసగాండ్ర వలలో పడి డబ్బు పోగొట్టుకొన్నవాడు, ఇంటి ముంతలోని నిజమైన రూపాయిని పట్టీలకు వేయుట మేము చూచితిమి. ఇంతకంటె విపరీతమేమి కలదు?

మా వెదకులాట వ్యర్థము కాలేదు. మేము కోరిన రూపాయి చివరకు ఎన్నూరులోనే, ఎనుబది దాటిన యొక నెల్లూరు పెద్దమ్మగారి కొయ్యపెట్టెలో కనబడినది. పాత నూలుగుడ్డలో చుట్టి యున్నది. 1918 సంవత్సరము, అడుగు పూవుక్రింద బొంబాయి టంకసాల చుక్క. అంచువెంబడి నీలము, పసుపు కలిసిన నలుపు. నడుమ వెలుగు చక్రపుటాకులవలె తిరుగుచున్నది. వెల యడిగితిమి. "అమ్మేదానికి గాదు నాయనా. మా మామ రంగూన్లో మొదటి జీతంలోది. కడగొద్దని చెప్పిపొయ్యినాడు" అని ఆమె గుడ్డ మడచిరి. మేము మఱల అడుగలేదు. ఆ మామగారు ఏ శాస్త్రమును చదివినవారు కారు. నగరములోని యంగళ్ళు కాపాడలేనిది ఆయన మాట కాపాడినది.

కావున మన కుటుంబములు చేయవలసినవి కొన్ని చెప్పుదుము. నాణెమును అంచులు పట్టుకొని యెత్తుడు. ముఖముమీద వ్రేలు పెట్టకుడు. మట్టి యంటియున్నచో మంచినీటిలో నుంచి తీసి, మెత్తని గుడ్డతో అద్దుడు, రుద్దవలదు. ఒక్కొక్కదానిని వేఱువేఱుగ నుంచుడు. రబ్బరు పట్టీలు, ఉన్నిగుడ్డలు, మెత్తని ప్లాస్టిక్ సంచులు వెండికి శత్రువులు. కొనదలచినవారు తూకము చూడుడు. మేలిమి రూపాయి అరగుటకు తగినంత తప్ప 11.66 గ్రాములకు తగ్గరాదు. అయస్కాంతమునకు అంటుకొన్నది వెండి కాదు. తళతళను చూచి మోసపోక, వాల్చి త్రిప్పి చూడుడు. నలుపును చూచి వెనుదీయకుడు. అన్నిటికంటె ముఖ్యముగా ఒక నోటుపుస్తకమున ఏ నాణెము ఎవరివలన, ఏ యూరినుండి వచ్చినదో వ్రాసిపెట్టుడు. అమెరికాలోని మనుమనికి పంపుదమని మాత్రము తలపకుడు. 1972 నాటి పురావస్తు చట్టము ప్రకారము నూఱేండ్లు నిండిన నాణెము పురావస్తువు. దానిని ప్రజలు దేశము దాటించుట నిషిద్ధము. మనుమడే వచ్చి చూచునుగాక.

ఇది వెండి సంగతి మాత్రమే కాదని చెప్పుటకు ఒక్క ఉదాహరణము చాలును. 1807 ప్రాంతమున చెన్నపట్టణపు టంకసాలలో అర వరహా, పావు వరహా వెండి నాణెములు ముద్రింపబడినవి. ఒకప్రక్క గోపురము, నక్షత్రములు, ఇంగ్లీషు, పారసీక లిపులు; రెండవప్రక్క విష్ణుమూర్తి, చుట్టును అరవ లిపి, తెలుగు లిపి. ఆ టంకసాల 1869లో మూతబడినది; వీధికి పేరు మిగిలినది. ఈ పట్టణమున తెలుగు ఎన్నడు నుండెనని మన పిల్లలను ఎవరైన అడిగినచో, వాదములు చేయ నక్కఱలేదు. ఆ నాణెము చూపిన చాలును. కాని అట్టి నాణెమును చింతపండుతో తోమినచో మొదట అరగునవి ఆ సన్నని అక్షరములే.

మన సంఘము ఏటేట ఉగాదికి పాటల పోటీలు, ముగ్గుల పోటీలు పెట్టుచున్నది, సంతోషమే. రాబోవు ఉగాదికి ఒక పూట, కుటుంబములవారు తమ పాత నాణెములను తెచ్చి చూపి, వాని కథలు చెప్పి, సంఘపు పుస్తకమున వ్రాయించి, తిరిగి తీసికొనిపోవు ఏర్పాటు చేయవలెనని కార్యవర్గమును కోరుచున్నాము. వ్రాయుటకు గుమాస్తా కావలసినచో మేము సిద్ధముగా నున్నాము. ఆ దినమునకై ఎవరును తమ రూపాయలను తోమి తేవలదని ముందే మనవి చేయుచున్నాము.